బూబమ్మ అడిగే కుదువ

మా అపార్ట్‌మెంట్ బోరు మోటరు కాలిపోతే మొన్న ఆదివారం పొద్దున మెకానిక్కులు వచ్చి, మూడు కాళ్ల ఇనుప స్టాండు నిలబెట్టి, గొలుసు తగిలించి, పైపులు ఒక్కొక్కటిగా పైకి లాగుతుంటే, ఏళ్ల తరబడి నీళ్లలో నానిన ఇనుము వాసన రెండో అంతస్తులోని మా బాల్కనీ దాకా వచ్చింది. తుప్పూ, బురదా, చల్లదనమూ కలిసిన వాసన. మా పాప ముక్కు మూసుకుని లోపలికి పరుగెత్తింది. నేను మాత్రం గ్రిల్లు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఒకప్పుడు ఆ వాసన నా రెండు అరచేతులకూ అంటుకుని, సబ్బుతో కడిగినా పోలేదు. దానితో పాటు చెవుల వెనక మొదలై మెడ మీదికి పాకే వేడి ఒకటి ఉండేది, అదీ వచ్చింది. సిగ్గుపడినప్పుడు ఒంట్లో ముందు ఏది వేడెక్కుతుందో, తర్వాత ఏది వేడెక్కుతుందో నాకు వరుసగా తెలుసు.

ఆ వారంలోనే పాప బడిలో టీచరు మమ్మల్ని పిలిపించి, "మీ పాపకు అన్నీ వచ్చండీ, కానీ చిన్న అడ్డం వచ్చినా చేతులు కట్టుకుని కూర్చుంటుంది, ఎవరో ఒకరు వస్తారని చూస్తుంది" అని చెప్పింది. నేను చదివింది ఇంజనీరింగు. సమస్య అనగానే దాన్ని ముక్కలు చేసి కాగితం మీద పేర్చుకోవడం నా అలవాటు. ఇంటికి రాగానే, పిల్లలకు బుర్రకు పని పెట్టే ఆట సామాన్లు ఏమేం దొరుకుతాయో వెతికి, వయసు ఒక వరుసలో, ధర ఒక వరుసలో రాసి ఒక పట్టిక తయారు చేశాను. మా ఆవిడ దాన్ని ఒకసారి పై నుంచి కింది దాకా చూసి, "ముందుగాల దాని టిఫిన్ డబ్బ మూత దాన్నే తీస్కోనియ్యి" అంది. రోజూ పొద్దున ఆ మూతను సగం వదులు చేసి పెట్టేది నేనే.

మా ఊరు అచ్చంపేటకు పోయే తోవలో, గుండ్రాళ్ల గుట్టల నడుమ, ఎర్రటి చెల్కల మధ్య ఉండేది. వానాకాలం మొదట్లో జొన్న చేలు మోకాలెత్తు లేచినప్పుడు గాలికి పచ్చి వాసన ఊరంతా తిరిగేది. దసరా ముందర తంగేడు, గునుగు పూల కోసం పిల్లలందరం గుట్టల వెంట పడితే, ఇళ్లలో సద్దుల బతుకమ్మకు రొట్టె, బెల్లం కలిపి మలీద ముద్దలు కట్టేవాళ్లు. పీర్ల పండుగకు అదే మలీద మా వాడకట్టులోని బూబమ్మ ఇంట్లో ఇంకొంచెం ఎక్కువ బెల్లంతో, సోంపు వాసనతో తయారయ్యేది, దానితో పాటు మిరియాల షర్బత్. చలికాలం పల్లి చేలల్లో కాయలు కాల్చుకుని నోటి చుట్టూ నల్లగా చేసుకునేవాళ్లం. ఎండలు ముదిరితే నల్లమల దిక్కు నుంచి గంపల్లో ఇప్పపూలు, తునికి పండ్లు వచ్చేవి. చిర్రగోనె, గోటీలు, బొంగరాలు ఒకదాని వెనక ఒకటి ఎవరూ చాటింపు వేయకుండానే వచ్చి పోయేవి. ఈ ఆటలన్నీ నాకు బాగా తెలుసు. అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చుని అన్నీ చూసేవాణ్ణి.

మా వాడకట్టుకంతా ఒకటే చేదబావి. రాతిని పగలగొట్టి తవ్విన బావి కావడంతో లోపల గోడలు నున్నగా ఉండవు, అడుగడుగునా గూళ్లు, పగుళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన రాళ్లు. గిరక ఊరిది, తాడూ బొక్కెనా ఎవరి ఇంటివి వాళ్లవి. ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు, ఎంత పనిమంతురాలి చేతిలోంచైనా ఎప్పుడో ఒకప్పుడు బొక్కెన జారి లోపల పడేది. పడితే అది మామూలు విషయం కాదు. "ఏమే, చేతులల్ల సత్తువ వోయిందా?" అని బావి దగ్గర ఆడవాళ్లంతా పది దినాలు ఎగతాళి చేసేవాళ్లు. అందుకని బొక్కెన పడేసిన పెద్దవాళ్లు ఎవరూ బూబమ్మ ఇంటికి స్వయంగా పోయేవాళ్లు కాదు. పిల్లల్ని పంపేవాళ్లు.

బూబమ్మ దగ్గర పాతాళ గరిగె ఉండేది. ఒక ఇనుప కడియానికి వేలాడే కొండ్ల గుత్తి అది. ఎటు తిప్పినా నాలుగు కొండ్లు నోరు తెరుచుకునే ఉంటాయి. తాడుకు కట్టి బావిలోకి దించి మెల్లగా తిప్పితే బొక్కెన చెవికి తగులుకుంటుంది. వాడకట్టంతటికీ అదొక్కటే. ఎద్దులకు నాలలు కొట్టే ఆమె భర్త చనిపోయే ముందర చేయించి పెట్టిపోయాడట. గరిగె తీసుకుని నడిస్తే గలగలమని చప్పుడయ్యేది కాబట్టి, ఇంటి పరువు పోకుండా పిల్లలు దాన్ని గోనె సంచిలో చుట్టుకుని తెచ్చేవాళ్లు. గోనె సంచి చంకలో పెట్టుకుని గోడవారగా నడిచే పిల్లవాణ్ణి చూడగానే వీధి వీధంతా నవ్వేది. "ఎవరి బొక్కెన మునిగింది రా?" "మాది గాదు, మా చిన్నమ్మోళ్లది." ఆ అబద్ధం అందరూ చెప్పేవాళ్లు, ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

బూబమ్మ అసలు పేరు చాంద్ బీ. ఆ పేరుతో పిలవగా నేను వినలేదు. పాత చీరలు పరిచి బొంతలు కుట్టేది. ఎప్పుడు పోయినా వాకిట్లో వేపచెట్టు నీడన, కాళ్లు చాపుకుని, ఒళ్లో సగం కుట్టిన బొంత వేసుకుని, పెద్ద సూదిని తల వెంట్రుకల్లో ఒకసారి రాసి గుడ్డలో గుచ్చుతూ కనిపించేది. గరిగె అడిగిన పెద్దవాళ్లెవరైనా చెంబో గిన్నెనో కుదువ పెట్టి, గరిగె తిరిగి ఇచ్చినప్పుడు తీసుకుపోవాలి. అది ఊళ్లో ఎప్పటి నుంచో ఉన్న రివాజు, లేకపోతే గరిగె ఎవరింట్లోనో ఉండిపోతుంది. కానీ పిల్లలు పోతే మాత్రం బూబమ్మ చెంబు తీసుకునేది కాదు. "అమ్మ చెంబు వెడ్తె అమ్మకు ఫికర్. నీది వెడ్తె నీకు ఫికర్" అనేది. పిల్లవాడు తన సొంత వస్తువు ఏదైనా పెట్టాలి. ఆమె ఇంటి గోడలోని గూడులో బొంగరాలు, ఉండేలు, రబ్బరు చెప్పు, పగిలిన అద్దాల డబ్బా, ఒకసారి తోక కట్టిన గాలిపటం కూడా చూశాను. బావిలోని వస్తువు ఎవరు తీస్తే వాళ్లకే కుదువ తిరిగి ఇచ్చేది.

ఇంకొకటి. అడగగానే గరిగె చేతికిచ్చేది కాదు. తాడుతో పడిందా, తాడు లేకుండానా? నిండుగా ఉండగానా, ఖాళీగానా? ఏ పక్కన? చప్పుడు ఎట్లా వచ్చింది? ఇప్పుడు ఏం చేస్తావు? అన్నిటికీ జవాబు చెప్పాలి. చెప్పింది సరైనదని గానీ తప్పని గానీ అనేది కాదు. "జర సోంచాయించు" అని ఆలోచించమనేది, లేదంటే "సూడు పో" అనేది. తప్పు ఆలోచనతో పోయిన వాళ్లు కాసేపటికి వాడిపోయిన మొహంతో తిరిగొచ్చేవాళ్లు. అప్పుడూ తిట్టేది కాదు, మళ్లీ అవే ప్రశ్నలు మొదటి నుంచి. మా చెల్లెలు పద్మ నాకంటే చిన్నది. ఒక ఎండాకాలం మా బొక్కెన పడితే అదే పోయింది. ఏ పక్కన పడిందో చూడలేదట. ఆలోచించుకుంటూ ఇంటికి వచ్చి, బాపు గడ్డం గీసుకునే అద్దం పట్టుకుపోయి, బావి ఒర మీద నిలబడి ఎండను లోపలికి తిప్పింది. వెలుతురు ముక్క రాళ్ల మీద జారుకుంటూ దిగి నీళ్ల అడుగున బొక్కెన మీద నిలిచింది. అప్పుడు పోయి, "బూబమ్మా, తూర్పు దిక్కు మూలకు ఉన్నది" అని చెబితే, ఆమె తలైనా ఎత్తకుండా గూట్లోంచి గరిగె తీసి ఇచ్చిందట. ఇదంతా పద్మ అన్నం తింటూ చెబుతుంటే నేను వెలుతురు పాఠంలోని ప్రశ్నలకు జవాబులు రాసుకుంటున్నాను.

ఇంట్లో అన్ని పనులకూ పద్మనే పంపేవాళ్లు. నన్ను ఏ పనికీ పంపేవాళ్లు కాదు. నేను తరగతిలో మొదటివాణ్ణి. అమ్మ పుట్టింట్లో బావి గిరక కింద పెరిగిన మనిషి, ఎప్పుడైనా నేను చేయి సాచితే తన అరచేయి పక్కన పెట్టి చూపించి, "గీ చేతులు సూడు బిడ్డా, నీకెందుకివి? నువ్వు కలం వట్టుకో" అనేది. లాగు నాడా ఆమే కట్టేది. దసరా తర్వాత వరిగడ్డిలో మాగబెట్టిన సీతాఫలాలు మెత్తబడి ఇల్లంతా తియ్యటి వాసన కొడుతుంటే, నాకు మాత్రం ఒక్కో గింజా తీసేసి, తెల్లటి గుజ్జును గిన్నెలో వేసి చెంచాతో ఇచ్చేది. పై తరగతి పిల్లలతో గుట్టకు పోయినప్పుడు ఒకడు పండు విప్పి చేతిలో పెడితే, గింజను నాలుకతో పక్కకు నెట్టి ఉమ్మడం చేతకాక నమిలి మింగాను. వాళ్లు నవ్విన నవ్వు గుట్ట రాళ్లకు తగిలి తిరిగొచ్చింది. ఆ సాయంత్రం అమ్మకు చెప్పుకుని ఏడిస్తే, మర్నాడు ఆమె ఆ పిల్లల ఇళ్లకు పోయి గొడవపడి వచ్చింది. ఆ తర్వాత నన్ను గుట్టకు పిలిచినవాళ్లు లేరు.

ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలకు ముందు, ఎండలు మండుతున్నప్పుడు అమ్మకు అమ్మవారు పోసింది. గడపకు వేపమండలు కట్టారు, ఇంట్లో పోపు వేయడం మానేశారు. అంటుకుంటుందేమోనని బాపు పద్మను మేనమామ ఇంటికి తీసుకుపోయాడు. నాకు చిన్నప్పుడే పోసింది, పరీక్షలూ దగ్గరికొచ్చాయి, కాబట్టి నన్ను ఉంచారు. పక్కింటివాళ్లు పొద్దునే నీళ్ల బిందెలు గడప బయట పెట్టిపోయేవాళ్లు. బాపు సాయంత్రం బస్సుకు రావాలి. మధ్యాహ్నానికల్లా నీళ్లు అయిపోయాయి. అమ్మ వేపాకు పరుచుకుని పడుకుని, ఒళ్లంతా మంటలని తడిగుడ్డ అడిగింది. నీళ్ల గోలెం వంచి చూస్తే అడుగున మట్టి తప్ప ఏం లేదు.

"బాపు వచ్చెదాక ఓర్సుకుంట. నువ్వు బాయి దిక్కు పోకు. సదువుకో" అంది అమ్మ, కళ్లు మూసుకునే.

ఆమెకు మాగన్నుగా నిద్ర పట్టాక నేను తాడూ బొక్కెనా తీసుకుని బయలుదేరాను. అమ్మ లేచేసరికి గోలెం నింపి, తడిగుడ్డ చేతిలో పెట్టాలని నా ఆశ. తాడు చూస్తే బొక్కెన దగ్గర పీచు లేచి ఉంది. తెగుతుందని తెలిసేంత తెలివి నాకుంది. కొడవలితో ఆ ముక్క కోసేసి, మంచి కొసను బొక్కెనకు కట్టాను. నాకు తెలిసిన ముడి ఒక్కటే. బొక్కెన నిండి సగం దూరం పైకి వచ్చాక తాడు ఒక్కసారిగా తేలికైంది. కింద నుంచి చప్పుడు కాస్త ఆలస్యంగా వచ్చింది.

గరిగె కోసం పోతే బూబమ్మ బొంత పక్కన పెట్టలేదు. తాడు కొస అడిగి తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"తెగలే. ముడి ఇడిసింది. ఎవలు కట్టిన్రు?"

"నేనే."

"ఎట్ల కట్టినవ్? సూపియ్యి."

చూపించాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. "లాగు నాడ ముడి ఏసినవాయె! ఒక కొస వట్టి గుంజితె ఇడిసేది. లాగుల నీళ్లు మోస్తవా బిడ్డా?" తర్వాత నవ్వు ఆపి, "ఏ పక్క పడ్డది?" అంది.

"సూడలే."

"ఇప్పుడేం జేస్తవ్?"

"గరిగె దించి, తట్టినంక గుంజుత."

"రాయికి తట్టుకుంటె?"

నేను బావి దిక్కు చూశాను. "జర సోంచాయించు" అంది. "అమ్మకు నీళ్లు కావాలె బూబమ్మా, జల్ది ఇయ్యి" అన్నాను. "అవ్, గందుకే అంటున్న" అంది ఆమె. అయినా ఎండలో నిలబడ్డ నా మొహం చూసి ఏమనుకుందో, "సరె, సూడు పో. ఏం కుదువ వెడ్తవ్?" అంది.

నా దగ్గర బొంగరం లేదు, గోటీలు లేవు, ఉండేలు లేదు. నాదంటూ ఉన్నది కంపాస్ బాక్సు ఒక్కటే. బాపు ఆ ఏడే అచ్చంపేట నుంచి తెచ్చాడు. పసుపుపచ్చ రేకు డబ్బా, మూత మీద ఎగిరే పక్షి బొమ్మ. లెక్కల పరీక్షకు అది కావాలి. ఎంతసేపు, ఒక్క పావుగంట పని అనుకుని ఇంటికి పరుగెత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మూత తెరిచి ముల్లు మీద వేలు ఆనించి చూసి, గూట్లో పెట్టింది.

ఈసారి ముడి విడిపోకూడదని ముడి మీద ముడి వేసి, ఒక పెద్ద ఉండ చేశాను. గరిగెను మెల్లగా దించాలని కూడా తోచక ఒక్కసారిగా వదిలాను. ఏదో తగిలింది. సంతోషంగా గుంజాను. కదల్లేదు. ఇంకా గట్టిగా గుంజాను. కొండి రాతి పగులులో దిగి బిగుసుకుంది. వదిలేస్తే ఊరందరి గరిగె బావిలో పోతుంది, లాగితే రాదు. తాడు రెండు చేతులకూ చుట్టుకుని ఒరకు కాళ్లు తన్నిపెట్టి అట్లాగే నిలబడ్డాను. ఎండ వాలింది. ఆడవాళ్లు బిందెలతో రావడం మొదలైంది.

"ఓ సారూ, బాయికి లెక్కలు నేర్పుతున్నవా?"

"గంతగానం గుంజకు రా, బాయి మీదికొస్తది!"

"వాళ్లమ్మ జూస్తె బాయికి దిష్టి తీస్తది, అయ్యో నా కొడుకును అలిపించినవని."

నవ్వులు. ఒకామె జాలిపడి తాడు అందుకోబోతే, అప్పుడే అక్కడికి వచ్చిన బూబమ్మ బట్టలుతికే బండ మీద కూర్చుంటూ, "ఎవ్వలు ముట్టకుండ్రి. వాడు సోంచాయిస్తుండు" అంది. అందరూ నిజంగానే నోళ్లు మూసుకున్నారు. బిందెలు నడుముల నుంచి దించి నిలబడ్డారు. నా జీవితంలో నా ఆలోచన కోసం అంతమంది అంత ఓపికగా ఎదురుచూసింది ఆ ఒక్కసారే.

నేను ఆలోచించడం లేదు. మా ఇల్లు బావికి ఎంతో దూరం లేదు. గొంతెత్తి పిలిస్తే వినపడుతుంది. ఒంటి నిండా పొక్కులతో పడుకుని ఉన్న మనిషి, దాహంతో ఉన్న మనిషి అని నాకు తెలుసు. పిలిస్తే వస్తుందని కూడా తెలుసు. "అమ్మా" అని అరిచాను. ఒకసారి కాదు.

అమ్మ నెత్తి మీద దుప్పటి కప్పుకుని, చేతిలో వేపమండతో, గోడలు పట్టుకుంటూ వచ్చింది. అమ్మవారు ఒంటి మీద ఉందని ఆడవాళ్లంతా బిందెలు తీసుకుని వెనక్కి జరిగారు. ఆమె ఎవరినీ చూడలేదు. నా చేతుల నుంచి తాడు చుట్లు విప్పి, తాడును ముందు వదులు చేసి, దాన్ని పట్టుకుని ఒర చుట్టూ నడిచి అవతలి పక్కకు పోయి, అక్కడి నుంచి పైకి లాగింది. కొండి దిగిన దారినే వెనక్కి వచ్చి ఊడిపోయింది. అంతే. నేను అంతసేపూ నిలబడ్డ చోటు నుంచి అవతలి పక్కకు నడవాలి, అంతే. తర్వాత గరిగెను మళ్లీ దించి, కళ్లు మూసుకుని మెల్లగా తిప్పుతూ, తాడులో ఏం తెలిసిందో ఏమో, చరచరా గుంజి బొక్కెనను నీళ్లతో సహా ఒర మీద పెట్టింది.

"నువ్వెందుకొస్తివి బిడ్డా? జర సేపుంటె వాడే తెల్సుకునెటోడు" అంది బూబమ్మ.

"వానికి పరీక్షలున్నయి బూబమ్మా."

"ఉంటె ఉండనియ్. పరీక్షకు గూడ నువ్వే వోతవా?"

అమ్మ దుప్పటి కొంగుతో అరచేతులు అదుముకుంది. ఆ గుడ్డ మీద తడి మచ్చలు పడటం చూశాను, నీళ్లనుకున్నాను. తాడు రాసుకుని పొక్కులు చితికిన తడి అది. బూబమ్మ గరిగెను తాడు నుంచి విప్పబోయి, నేను వేసిన ముడుల ఉండ విప్పలేక పండ్లతో కొరికింది. "డబ్బ నా కాడ ఉంటది. తీసినోళ్లకే ఇస్త" అని అమ్మతో చెప్పి, గరిగెను గోనెలో చుట్టకుండానే, గలగలమనిపించుకుంటూ వీధి నడిమిట్ల నుంచి పోయింది. బొక్కెనలో నీళ్లు బిందెలో పోసి ఆ బిందె కూడా అమ్మే ఎత్తుకుంది. నేను తాడు పట్టుకుని వెనక నడిచాను.

ఆ రాత్రి అమ్మకు జ్వరం పెరిగింది. అమ్మవారి స్నానం అనుకున్న నాటికి కాలేదు. తగ్గాక ఒళ్లంతా మచ్చలు మాసిపోయాయి గానీ అరచేతుల్లో, తాడు కోసుకుపోయిన చోట మాత్రం ఉండిపోయాయి. ఇప్పటికీ ఆమె చేయి చాపితే నేను వేరే ఎటో చూస్తాను.

కుదువ కోసం బూబమ్మ దగ్గరికి నేను పోనన్నాను. అమ్మను పోనివ్వనన్నాను, అన్నం మానేశాను. బాపు మళ్లీ బస్సెక్కి అచ్చంపేట పోయి కొత్త బాక్సు తెచ్చాడు. దానితో లెక్కల పరీక్ష రాశాను; మంచి మార్కులే వచ్చాయి. ఆ తర్వాత హాస్టలు, మరో హాస్టలు, ఇంజనీరింగు. సెలవులకు వచ్చినప్పుడల్లా బూబమ్మ వాకిలి తగలకుండా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. ఒకసారి వచ్చేసరికి ఆమె లేదు.

ఇదంతా గుర్తొచ్చి, మెకానిక్కులు కింద ఇంకా పైపులు విప్పుతుండగానే, పద్మకు ఫోన్ చేశాను. అది ఇప్పుడు కల్వకుర్తిలో ఉంటుంది. ఏదో ఒకటి మాట్లాడి, బూబమ్మ గరిగె ఏమైందని అడిగాను.

"గప్పుడే వాయె. పాత సామాన్లోనికి ఏసి ఉల్లిగడ్డలు తీస్కున్నరు. బాయి గూడ లేదు గద, సెత్త నింపి మీదికెళ్లి సిమెంటు బండ ఏసిన్రు. పిలగాండ్లు దాని మీద కూసొని ఫోన్లు సూస్తరు." మళ్లీ తనే, "ఏమైందే అన్నా, గిప్పుడు గుర్తొచ్చింది?" అంది.

"నా కంపాస్ బాక్సు గామె కాడనే ఉండిపాయె" అన్నాను.

పద్మ నవ్వింది. "ఉండిపోవుడేంది? నేను తెచ్చిన గద!"

మేనమామ ఇంటి నుంచి వచ్చిన రోజే బావి దగ్గర పిల్లలు దానికి అంతా చెప్పారట. నేరుగా బూబమ్మ దగ్గరికి పోయి అన్న డబ్బా ఇమ్మందట. తీసినోళ్లకే ఇస్తాను, మీ అమ్మను రమ్మని ఆమె అందట. అమ్మ రాదని పద్మకు తెలుసు. తిన్నగా బావి దగ్గరికి పోయి, మా బొక్కెనకు తాడు విప్పి, కావాలని లోపల పడేసి, తిరిగి వచ్చి గరిగె అడిగిందట.

"ఏం కుదువ వెడ్తవ్ అన్నది. కుదువ నీ కాడనే ఉన్నది గద అన్న. ముసలామె గంత నవ్వుడు నేనెన్నడు సూడలె. బొక్కెన తీసి సూపిచ్చినంక బాక్సు ఇచ్చింది. నీకిద్దామని ఉరుకొస్తి. గప్పటికే బాపు కొత్తది తెచ్చె. అమ్మ సూసి, వాడు మళ్ల సిగ్గువడ్తడు, కనవడకుంట పెట్టు అన్నది. ట్రంకు పెట్టె అడుగుకు పెట్టిన. నువ్వు హాస్టల్‌కు వోయినంక తీసిన. పదో తరగతి దాక దాంతోనే రాసిన. ముల్లు ఇరిగితె బూబమ్మ సూది ముక్క గుచ్చిన." తర్వాత మామూలుగానే, పొయ్యి మీద దేన్నో కలుపుతున్న చప్పుడు మధ్య, "నువ్వెన్నడన్న అడిగినవా అన్నా, నేను దేంతోటి పరీక్షలు రాసిన్నో?" అంది.

అడగలేదు. నాకు కొత్తది కొన్నారు, అంతకు ముందు కూడా కొన్నారు. దానికి ఎన్నడూ కొనలేదని నాకు తట్టలేదు.

ఫోన్ పెట్టేసరికి లోపలి గదిలోంచి పాప పిలిచింది. జుట్టు క్లిప్పు బీరువా వెనక పడిందట. నేను లేవలేదు. కుర్చీ చేతులు రెండూ పట్టుకుని, "ఏ పక్క పడింది?" అని అడిగాను.

"నువ్వే చూడు" అంది.

"చీపురు కట్ట ఉంది కదా అక్కడ. కొంచెం ఆలోచించు."

కింద మెకానిక్కుల గొలుసు ఒకసారి గలగలమని ఆగింది. తర్వాత పాప ఇంకోసారి, ఇంకొంచెం సాగదీసి, "నాన్నా" అంది. ఇంట్లో ఉన్నవాళ్లు తప్పకుండా వస్తారని తెలిసి పిలిచే పిలుపు అది. ఆ పిలుపు ఎట్లా ఉంటుందో నాకంటే బాగా తెలిసినవాళ్లు లేరు.

లేచి వెళ్లి, బీరువా పక్కకు జరిపి, క్లిప్పు తీసి ఇచ్చాను. పాప దాన్ని జుట్టుకు పెట్టుకుంటూ వెళ్లిపోయింది. నా చేతుల వంక చూడలేదు. చూడటానికి వాటి మీద ఏమీ లేదు.